మంచి మేస్త్రీలు నిలవాలంటే ముందు శనివారం లెక్క సరిచేయండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో బాచుపల్లి వైపు రెండు చిన్న అపార్ట్‌మెంట్లు, ఒక ఇండిపెండెంట్ ఇల్లు కడుతున్నారు. మీ దగ్గరే చేయి తిరిగిన నలుగురు కట్టుబడి (గోడలు కట్టే) మేస్త్రీల్లో ముగ్గురు ఈ ఆరు నెలల్లో వెళ్లిపోయారు. మీరు రోజుకు 1100 ఇస్తున్నారు, పక్క సైట్ వాళ్లు 1200 ఇస్తామన్నారు. ఎవరూ జారిపోకుండా రెండు వారాల కూలి ఎప్పుడూ మీ దగ్గరే ఆపి ఉంచుతున్నారు, అయినా ఆగలేదు. రేటు పెంచాలా, పెద్ద అడ్వాన్స్ ఇచ్చి కట్టిపడేయాలా, వెళ్లిన ముగ్గురినీ మళ్లీ పిలవాలా అని అడిగారు.

నేను సివిల్ డిప్లొమా చేసి 1999లో సైట్‌లో అడుగుపెట్టాను. పన్నెండేళ్లు కంపెనీల్లో సైట్ ఇంజినీరుగా చేసి, 2011 నుంచి సొంతంగా కడుతున్నాను. పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీ గుంపులతో, స్లాబ్ కింద చెక్కలు, సపోర్టులు కట్టే శ్రీకాకుళం సెంట్రింగ్ వాళ్లతో, ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లతో పనిచేశాను. ఇప్పుడు నా దగ్గరున్న కట్టుబడి మేస్త్రీల్లో ఇద్దరు 2012 నుంచి నాతోనే ఉన్నారు. వాళ్లకు ఊళ్లో అందరికన్నా ఎక్కువ రేటు నేను ఎప్పుడూ ఇవ్వలేదు. తక్కువ కూడా ఇవ్వలేదు.

ముందు ఆ ఆపిన డబ్బు గురించి మాట్లాడుకుందాం. మీ కష్టానికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం. ఈ పద్ధతి హైదరాబాద్‌లో చాలామంది చిన్న బిల్డర్లు పాటిస్తారు. డబ్బు మన చేతిలో ఉంటే మనిషి ఎక్కడికీ పోడని అనుకుంటారు. ఒకసారి మేస్త్రీ వైపు నుంచి చూడండి. పన్నెండు రోజుల కూలి, 13,200 రూపాయలు, అతను మీకు వడ్డీ లేకుండా అప్పు ఇచ్చినట్టే. అదే వారంలో అతను షెడ్ పక్కన కిరాణా కొట్టులో ఖాతా రాయించి బియ్యం తెచ్చుకుంటున్నాడు. ఊళ్లో అమ్మ మందుల కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పంపుతున్నాడు. తన డబ్బు సార్ దగ్గర ఉండగా తాను వడ్డీ కడుతున్నానని అతనికి బాగా తెలుసు. మీతో అనడు, అంతే.

ఇంకో మాట. ఆపిన డబ్బుకు భయపడి ఆగేది పని సరిగ్గా రానివాడే. చేతిలో పనితనం ఉన్నవాడికి ఏ సైట్‌కి వెళ్లినా తెల్లారేసరికి తాపీ పట్టుకునే చోటు దొరుకుతుంది. వాడు 13,200 వదులుకుని అయినా పోతాడు. అంటే మీ పద్ధతి మంచివాళ్లను బయటికి పంపి, మిగతావాళ్లను మీ దగ్గర పోగు చేస్తోంది. నలుగురిలో ముగ్గురు మంచివాళ్లే పోయారని మీరే రాశారు కదా.

చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రోజు కూలికి ఉన్నవాళ్లకు ఆ రోజు పని ముగిసేసరికి, వారం లెక్కన ఉన్నవాళ్లకు ఆ వారం చివరి పనిదినాన డబ్బు ఇవ్వాలి. పని మానేసి వెళ్లేవాడికైనా రెండు పనిదినాల్లోగా బాకీ మొత్తం తీర్చాలి. చట్టం భయంతో చేయమని చెప్పడం లేదు. పనివాడి వారం ఎలా గడుస్తుందో ఆ నియమం రాసినవాళ్లకు తెలుసనిపించి చెబుతున్నాను.

నా సైట్లలో బట్వాడా, అంటే కూలి డబ్బు పంచడం, ఎలా జరుగుతుందో చెబుతాను, మీకు పనికొస్తే తీసుకోండి. శనివారం నాలుగున్నరకు హాజరు పుస్తకం తీసి ఒక్కొక్కరి పేరు పక్కన ఎన్ని రోజులు, ఎన్ని సగం రోజులు, ఓవర్‌టైమ్ ఎంత అని వాళ్లకు వినబడేలా చదువుతాం. తేడా ఉంటే అక్కడే తేల్చుకుంటాం. ఐదున్నరకల్లా ప్రతి ఒక్కరి ఫోన్‌కీ డబ్బు వెళ్తుంది. నగదు కావాలన్నవాళ్లకు నగదు ఇస్తాం. ఆదివారం సంత రోజు. శనివారం రాత్రి దాటితే ఆ వారం కూరగాయలు కూడా అప్పు మీదే కొనాలి. అందుకే మా దగ్గర శనివారం ఆదివారంగా మారదు.

ఇలా ఇవ్వాలంటే డబ్బు కావాలి కదా అంటారు. నిజమే, చిన్న బిల్డర్ల కష్టమంతా అక్కడే ఉంది. నేను రెండు మార్పులు చేసుకున్నాను. ఒకటి, మూడు వారాల బట్వాడాకు సరిపడా సొమ్ము వేరే ఖాతాలో పెట్టి దాన్ని ఇంక దేనికీ ముట్టుకోవడం మానేశాను. ఆ సొమ్ము పోగు చేయడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. రెండు, ఇంటి యజమానులతో రాసుకునే అగ్రిమెంట్‌లో స్టేజ్ పేమెంట్లు స్లాబ్ అయ్యాక అని కాకుండా స్లాబ్‌కి ముందు అని రాయించుకోవడం మొదలుపెట్టాను. సిమెంట్ డీలర్ నెల రోజులు అప్పు ఇస్తాడు, స్టీల్ వాడితో మాట్లాడుకోవచ్చు. తట్ట మోసే ఆవిడతో అలా మాట్లాడకూడదు. డబ్బు తక్కువ పడిన వారం ముందుగా అందాల్సింది ఆవిడకే.

2016 నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు నాకు ఇది పరీక్షగా వచ్చింది. కరెంట్ అకౌంట్ నుంచి వారానికి 50,000 మాత్రమే తీయనిచ్చేవారు, మా బట్వాడా దానికి రెండింతలు పైనే ఉండేది. నేను అందరినీ కూర్చోబెట్టి ఖాతా పుస్తకం చూపించి, డబ్బు ఉంది, తీయడానికి వీల్లేదు అని ఉన్నదున్నట్టు చెప్పాను. కిరాణా కొట్టాయనకు నా పేరు మీద చెక్కు ఇచ్చి, వీళ్లు ఏం తీసుకున్నా నేను కడతానన్నాను. ఖాతాలు లేనివాళ్లను రోజుకు ముగ్గురు చొప్పున బ్యాంకుకు తీసుకెళ్లి జన్‌ధన్ ఖాతాలు తెరిపించాను. ఆ రెండు నెలల్లో ఒక్కరు కూడా పోలేదు. డబ్బు ఆలస్యమైతే వాళ్లు ఓర్చుకుంటారు. ఎందుకు ఆలస్యమైందో చెప్పకుండా ఫోన్ ఎత్తకపోతే మాత్రం ఓర్చుకోరు.

ఇక రేటు సంగతి. మీరు 1100 కి 1200 కి మధ్య తేడా చూస్తున్నారు. మేస్త్రీ చూసేది నెలకు చేతికి ఎంత వచ్చిందని. మీ సైట్‌లో నెలకు ఇరవై రోజులే పని దొరికితే అతనికి 22,000 వస్తుంది. పక్క సైట్‌లో అదే ఇరవై రోజులకు 24,000. మీరు ఇరవై ఐదు రోజులు పని చూపించగలిగితే 1100 చొప్పునే 27,500 అవుతుంది. గత ఆరు నెలల హాజరు పుస్తకం తీసి, వెళ్లిన ముగ్గురికీ నెలకు ఎన్ని రోజులు పడ్డాయో లెక్కపెట్టండి. ఇరవై ఒకటికి మించి ఉండవని నా అంచనా. తప్పైతే చెప్పండి.

ఈ ఖాళీ రోజులు ఎక్కడి నుంచి వస్తాయో మీకు తెలిసే ఉంటుంది, అయినా రాస్తాను. స్లాబ్ వేసిన వెంటనే కింది అంతస్తులో కట్టుబడి మొదలుపెట్టలేం. కాంక్రీటు పనికి దేశమంతా పాటించే ఐఎస్ 456 నియమావళి లెక్కన మామూలు సిమెంట్ వాడితే నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్ కింద సపోర్టులు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. ఆరు మీటర్ల లోపు బీమ్‌ల కింద 14, దాటితే 21. ఇప్పుడు అందరం వాడే పీపీసీకి (బూడిద కలిపిన సిమెంట్‌కి) ఇంకాస్త ఎక్కువే పడుతుంది. ఆ రెండు వారాలూ కట్టుబడి మేస్త్రీ ఏం చేయాలి? ఒకే సైట్ ఉన్నవాడు 'తర్వాత ఫోన్ చేస్తా' అంటాడు. మేస్త్రీ కూలీలు పని కోసం నిలబడే అడ్డా మీదికి వెళ్తాడు, అక్కడి నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు. మీ ఫోన్ వచ్చేసరికి అతను వేరే గోడ మీద ఉంటాడు.

మీకు మూడు సైట్లు ఉన్నాయి, ఇది పెద్ద అదృష్టం. మూడింటి స్లాబులూ ఒకే నెలలో పడకుండా జరుపుకోండి. ఒకచోట సెంట్రింగ్ నడుస్తుంటే రెండోచోట కట్టుబడి, మూడోచోట గిలాబు (ప్లాస్టరింగ్) నడవాలి. బయటి గిలాబు ఎండాకాలానికి ముందే ముగించి, లోపలి గిలాబు కొంత కావాలనే వర్షాకాలానికి మిగుల్చుకోండి. వాన పడ్డ రోజు కూడా పని ఉంటుంది. కాంపౌండ్ వాల్, సంపు, పిట్టగోడ లాంటి తొందర లేని పనులను ఖాళీ రోజులకు దాచుకోండి. వానలకు నదులు పొంగి ఇసుక తవ్వే రీచ్‌లు మూతపడి ఇసుక దొరకదు, దొరికినా ధర మండిపోతుంది. జూన్‌లోపు రెండు నెలల ఇసుక తోలించి పెట్టుకోండి, చోటు లేకపోతే రాయిని పిండి చేసి తీసే రోబో శాండ్ అయినా సిద్ధంగా ఉండాలి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక కొరత వచ్చి పనులు ఆగినప్పుడు భవన నిర్మాణ కార్మికులు ఎంత అల్లాడిపోయారో మనం చూశాం. మన సైట్‌లో రెండు రోజులు ఇసుక లేకపోవడం కూడా ఆ ఇంటికి చిన్న రూపంలో అదే కష్టం.

శనివారం డబ్బు ఇచ్చేటప్పుడే వచ్చే వారం ఏం పని, ఎక్కడ, ఎంతమందికి అన్నది కూడా చెప్పేయండి. దీనికి పైసా ఖర్చు లేదు. సోమవారం పని ఉందో లేదో తెలియని టెన్షన్‌తో ఆదివారం గడపడం ఎలా ఉంటుందో నెల జీతం తీసుకునేవాళ్లకు అర్థం కాదు.

మీరు గుంపు మేస్త్రీ ద్వారా పనివాళ్లను తెచ్చుకుంటున్నట్టు ఉంది. గుంపు మేస్త్రీ లేకుండా మన పని జరగదు, అతని కష్టానికి అతనికి ఇవ్వాలి. అయితే అతని కమిషన్ వేరుగా, అందరికీ తెలిసేలా ఇవ్వండి. అందరి కూలీ అతని చేతికే ఇస్తే కింద ఎవరికి ఎంత చేరిందో మనకు తెలియదు. నాకు ఒకసారి ఇలాగే జరిగింది. నేను రోజుకు ఎంత ఇస్తున్నానో చివరి హెల్పర్‌కి తెలియదు, అతనికి ఎంత అందుతోందో నాకు తెలియదు. తేడా వంద రూపాయల పైనే ఉందని అతను వెళ్లిపోయాక తెలిసింది. అప్పటికి అతను గిలాబు చక్కగా చేయడం నేర్చుకుని ఉన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి మనిషికీ నేరుగానే ఇస్తున్నాను.

చదరపు అడుగు లెక్కన పని ఇచ్చేటప్పుడు గొడవలన్నీ కొలతల దగ్గర వస్తాయి. కిటికీ, తలుపు ఖాళీలు తీసేయాలా, జాంబుల (వాటి పక్క అంచుల) గిలాబు కలపాలా, పిట్టగోడ పైభాగం లెక్కలోకి వస్తుందా? ఇవి పని మొదలయ్యే ముందే తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. హిందీ మాట్లాడే గుంపైతే చదివి వినిపించండి. టేపు ఒక కొస మీరు, ఒక కొస మేస్త్రీ పట్టుకుని కొలవండి. ఇంజినీరు ఒక్కడే వెళ్లి కొలిచి తెచ్చిన లెక్కను ఏ మేస్త్రీ మనస్ఫూర్తిగా ఒప్పుకోడు, అది సరైనదే అయినా సరే.

షెడ్ల గురించి మీరు ఏమీ రాయలేదు, అందుకే అడుగుతున్నాను. మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకు మీ పనివాళ్ల రేకుల షెడ్‌లో పది నిమిషాలు కూర్చున్నారా? కూర్చోండి. ఆ తర్వాత మీరే రేకుల కింద థర్మోకోల్ షీట్లు వేయిస్తారు, ఫ్యాన్ పెట్టిస్తారు. నేల మీద నాలుగంగుళాల పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు) వేస్తే పాములు, తేళ్ల భయం చాలావరకు పోతుంది. మన దగ్గర మిగిలిపోయిన కాంక్రీటే చాలు దానికి. ఎండాకాలంలో పనివేళలు పొద్దున ఆరు నుంచి పదకొండు, సాయంత్రం మూడున్నర నుంచి ఆరున్నర అని మార్చేస్తే పని తగ్గదు, మనుషులు వడదెబ్బతో పడిపోరు.

అన్నిటికన్నా ముందు ఆడవాళ్లకు తలుపు, గడియ, నీళ్లు ఉన్న బాత్రూం, టాయిలెట్ కట్టించండి. పాలమూరు నుంచి భార్యాభర్తలు జంటగా వస్తారు. చాలా సైట్లలో ఆ జంట వెళ్లిపోవడానికి కారణం భార్య. ఆవిడ చీకటి పడేదాకా ఆపుకుని, ఖాళీ ప్లాట్ వైపు భయపడుతూ వెళ్లి రావాల్సి వస్తుంది. భర్త మీతో 'ఊళ్లో పని ఉంది సార్' అని చెప్పి సెలవు తీసుకుంటాడు. అసలు కారణం మగవాళ్లయిన మనకు చెప్పరు. మేం ఇల్లు అమ్మేటప్పుడు బెడ్‌రూంకొక బాత్రూం అని చెప్పుకుంటాం, ఆ ఇల్లు కట్టిన ఆవిడకు ఒక్కటి కట్టించడానికి ఆలోచించడం అన్యాయం.

ఆవిడ కూలి ఆవిడ చేతికే ఇవ్వండి. జంటకు ఇంత అని కలిపి భర్తకు ఇవ్వకండి. ఆడవాళ్లను జీవితాంతం తట్ట దగ్గరే ఉంచేయకండి కూడా. నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒకావిడ నా దగ్గర ఆరేళ్లు మాల్ (సిమెంట్, ఇసుక ముద్ద) కలిపి అందించింది. ఒకరోజు టైల్స్ మేస్త్రీ రాకపోతే జాయింట్లు నింపడం తను చేస్తానంది. ఆ వంటగది గ్రౌటింగ్ చూశాక నేను ఆ పని మొత్తం ఆవిడకే అప్పగించాను. ఇప్పుడు మేస్త్రీ కూలి తీసుకుంటోంది. ఆ దంపతులను ఇంకొకరు రేటు చూపించి తీసుకెళ్లడం కష్టం.

పిల్లలు ఉంటే దగ్గరి సర్కారు బడికి మీరే వెళ్లి చేర్పించండి. టీసీ లేదని బడి చేర్చుకోకపోవడం కుదరదు. 2009 విద్యాహక్కు చట్టం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలంటుంది. బిల్డర్ వెంట వెళ్తే హెడ్‌మాస్టర్ కూడా పని తొందరగా చేస్తారు. చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ఎక్కడుందో తల్లికి చూపించండి. ఏడాది మధ్యలో బడి మాన్పించి వేరే సైట్‌కి వెళ్లడానికి ఏ తల్లీ తొందరగా ఒప్పుకోదు.

ఇప్పుడు రాయడానికి బాధగా ఉన్న సంగతి ఒకటి చెప్పాలి. 2008లో నేను సైట్ ఇంజినీరుగా ఉన్న ఒక కంపెనీలో మూడో అంతస్తు పరంజా మీద నుంచి ఒక మేస్త్రీ పడిపోయాడు. కట్టిన కర్ర ముడి జారింది. నడుము విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్లాం. మొదటి రోజు డబ్బు కట్టిన కంపెనీ, రెండో రోజు నుంచి అది గుంపు మేస్త్రీ బాధ్యత అంది. గుంపు మేస్త్రీ తన దగ్గర లేదన్నాడు. నేను పైవాళ్లను అడిగాను, గట్టిగా అడగలేదు. వారం తిరిగేసరికి ఇరవై రెండు మందిలో పద్నాలుగు మంది వెళ్లిపోయారు. ఎవరూ గొడవ చేయలేదు, రేటు అడగలేదు. రేపు మేం పడినా ఇంతే కదా అని అందరికీ అర్థమైపోయింది. ఆ మేస్త్రీ మళ్లీ తాపీ పట్టలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అందుకే పరంజా, బెల్ట్, నెట్, స్లాబ్ అంచుల్లో రెయిలింగ్ వీటికి నేను లెక్క చూసుకోను. పడ్డాక ఎలా ఉంటామన్నది కూడా అంతే ముఖ్యం. ప్రతి మనిషికీ ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. జీవన్ జ్యోతి 436 రూపాయలు, 50 ఏళ్ల లోపు వాళ్లు చేరవచ్చు, ఎలా చనిపోయినా 2 లక్షలు వస్తుంది. రెండూ మీరే కట్టండి, మనిషికి ఏడాదికి 456. దీంతో సరిపెట్టుకోవద్దు, మీ సైట్‌కి వేరే వర్క్‌మెన్ పాలసీ (పనిలో ప్రమాదాలకు పరిహారం ఇచ్చే బీమా) తీసుకోండి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేర్లు నమోదు చేయించండి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఆ 90 రోజుల సర్టిఫికెట్ మీరు ఇవ్వాలి. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు మీరు కడుతూనే ఉన్నారు. ఆ నిధి వాళ్ల కోసమే ఉంది. కార్డు లేనందువల్ల వాళ్లకు అందడం లేదు. ఒక ఆదివారం పొద్దున లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే పదిమంది కాగితాలు సిద్ధమవుతాయి. ఆధార్ కార్డులు జిరాక్స్ తీసుకుని అప్పుడే తిరిగి ఇచ్చేయండి. పోకుండా ఉంటారని ఒరిజినల్స్ దగ్గర పెట్టుకునేవాళ్లను చూశాను. అది మనిషిని బందీ చేయడమే.

మీరు అడిగిన పెద్ద అడ్వాన్స్ కూడా నా దృష్టిలో ఆ కోవలోకే వస్తుంది. అడ్వాన్సుకు లోబడి గుంపులు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన చరిత్ర పాలమూరుది. ఆ కష్టం పడిన తాతల మనవలే ఇప్పుడు మన సైట్లలో ఉన్నారు. అప్పు చూపించి పని చేయించుకోవడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. పోనీ లాభమైనా ఉంటుందా అంటే, యాభై వేలు తీసుకున్న మేస్త్రీ తీర్చలేనని తేలగానే రాత్రికి రాత్రి వెళ్లిపోతాడు. డబ్బూ పోతుంది, మనిషీ పోతాడు. ఆసుపత్రి, పిల్లల ఫీజు, ఇంట్లో పెళ్లి, వీటికి చిన్న మొత్తం ఇవ్వండి. వారం వారం పదో వంతు మించకుండా పట్టుకోండి. మధ్యలో వెళ్తానంటే వెళ్లనివ్వండి. నేనిచ్చిన వాటిలో తిరిగి రానివి చాలా తక్కువ.

పండుగలకు వెళ్లినవాళ్లు తిరిగి రారని కొందరు సెలవే ఇవ్వరు. అది పొరపాటు. పాలమూరు వాళ్లకు పీర్ల పండుగ, శ్రీకాకుళం వాళ్లకు సంక్రాంతి, పశ్చిమ ఒడిశా వాళ్లకు వినాయక చవితి మర్నాడు వచ్చే నువాఖాయ్, బీహార్ వాళ్లకు దీపావళి తర్వాత ఛఠ్, బెంగాల్ ముస్లిం కుర్రాళ్లకు బక్రీద్. ఇవి ఉగాది రోజే క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని ఆ వారాల్లో స్లాబ్ పెట్టుకోకండి. వెళ్లేముందు బాకీ మొత్తం ఇచ్చేయండి, తిరుగు ప్రయాణం రైలు టికెట్ మీరు తీయండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది, అదే రోజు తీస్తే బెర్త్ దొరుకుతుంది. టికెట్ చేతిలో ఉన్న మనిషి ఆ తేదీకి వచ్చేస్తాడు. జనరల్ పెట్టెలో నిలబడి రావాలంటే వారం, పది రోజులు వాయిదా వేస్తాడు.

2020 లాక్‌డౌన్‌లో ఇది ఇంకా బాగా అర్థమైంది. ఆ ఏడాది మే 1న దేశంలో వలస కూలీలను ఊళ్లకు చేర్చే మొదటి శ్రామిక్ రైలు కదిలింది మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకు, దాదాపు 1200 మందితో. మా షెడ్లలో అప్పుడు పంతొమ్మిది మంది ఉన్నారు. పని లేకపోయినా బియ్యం, పప్పు, నూనె, వారానికి కొంత డబ్బు ఇస్తూ వచ్చాం. ఉండమని ఎవరినీ బలవంతం చేయలేదు. పదకొండు మంది వెళ్లారు. జులైలో నేను ఫోన్ చేయకముందే తొమ్మిది మంది ఫోన్ చేశారు, ఎప్పుడు రమ్మంటారు సార్ అని.

మాట తీరు గురించి రెండు ముక్కలు. హెల్పర్ల ముందు మేస్త్రీని తిట్టకూడదు. గోడ తూకం తప్పితే పక్కకు పిలిచి, తూకం గుండు వేసి చూపించి, విప్పి కట్టమనండి, ఆ రోజు కూలి కోయకండి. మీ సూపర్‌వైజర్ 'రేయ్' అని పిలుస్తున్నాడేమో కనుక్కోండి. పేరు పెట్టి పిలవాలి, పెద్దవాళ్లయితే అన్నా అనాలి. మంచి మేస్త్రీకి తన పని మీద అభిమానం ఉంటుంది, రాయి వరసలో నూలు పోగంత తేడా వచ్చినా అతనికి నిద్ర పట్టదు. ఇల్లు పూర్తయ్యాక గృహప్రవేశానికి అతన్ని కుటుంబంతో సహా పిలిపించి, ఈ గోడలు ఈయన కట్టాడు అని యజమానికి పరిచయం చేయండి.

హెల్పర్లకు పైకి వెళ్లే దారి కూడా ఉండాలి. కాంపౌండ్ వాల్ దగ్గర రోజుకు ఒక గంట తాపీ వాళ్ల చేతికి ఇవ్వండి. హైదరాబాద్‌లోనే 1998లో మొదలైన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది, కుర్రాళ్లను అక్కడ శిక్షణకు పంపవచ్చు. నేర్చుకుని వెళ్లిపోతాడేమో అని నేర్పకపోతే, నేర్చుకోవాలనుకునేవాడు ముందే వెళ్లిపోతాడు. మనకు ఇప్పుడు అసలు పోటీ పక్క బిల్డర్ కూడా కాదు. ఇరవై ఏళ్ల కుర్రాడు తట్ట మోయడం కన్నా బైక్ మీద డెలివరీ చేయడమే నయమనుకుంటున్నాడు. ఎండ రెండిట్లోనూ ఉంది. అక్కడ వారం వారం డబ్బు పడుతుంది, ఎవరూ రేయ్ అనరు. మూడేళ్లలో మేస్త్రీ అవుతావు, కూలి ఇంత అవుతుంది అని మనం చూపించకపోతే ఇంకో పదేళ్లకు తూకం గుండు పట్టడం తెలిసినవాళ్లు దొరకరు.

కొందరు ఎలాగూ వెళ్తారు. గల్ఫ్ వీసా వచ్చినవాడు వెళ్తాడు, సొంతంగా లేబర్ కాంట్రాక్ట్ చేయాలనుకునేవాడు వెళ్తాడు. వాళ్లకు ఆనందంగా వీడ్కోలు చెప్పండి. రెండో రకం వాడికి మొదటి కాంట్రాక్ట్ మీరే ఇవ్వండి. నాకు ఇప్పుడు టైల్స్ పని చేసే కాంట్రాక్టర్ 2014లో నా దగ్గర హెల్పర్.

రేటు పెంచాలా అంటే, పెంచండి. బజారు రేటు 1200 అయినప్పుడు 1100 దగ్గర ఆగిపోయి మిగతావన్నీ ఎంత బాగా చేసినా న్యాయం కాదు. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి, వాళ్లు అడగకముందే పెంచండి. అందరికీ ఒకేలా కాకుండా పనిని బట్టి పెంచండి, ఎవరికి ఎందుకు ఎంత పెంచారో చెప్పండి. ఖర్చు ఎక్కువనిపిస్తే, కొత్త మేస్త్రీ బాత్రూం వాలు తప్పించి నాని ట్రాప్ (నీళ్లు పోయే జాలీ) వైపు నీళ్లు వెళ్లక, టైల్స్ పగలగొట్టి మళ్లీ వేసిన ఖర్చు మీ పాత లెక్కల్లో చూడండి. అలాంటిది ఒక్కటి చాలు, నలుగురికి నెలంతా వంద రూపాయలు పెంచినట్టే.

వెళ్లిపోయిన ముగ్గురి సంగతి. వాళ్ల రెండు వారాల కూలి ఇంకా మీ దగ్గరే ఉండి ఉంటుంది. ఈ రోజే ముగ్గురికీ పూర్తిగా పంపేయండి, హాజరు పుస్తకం పేజీ ఫొటో తీసి దాంతో పాటు పంపండి. తిరిగి రమ్మని ఆ రోజు అడగకండి. ఉన్న నాలుగో మేస్త్రీకి కూడా ఆపిన డబ్బు ఈ శనివారమే ఇచ్చేయండి. అతను ఆ సంగతి ఆ ముగ్గురికీ రాత్రికల్లా చెబుతాడు. నెల తర్వాత, నాలుగు శనివారాలు వరసగా సమయానికి ఇచ్చాక, ఆ ముగ్గురికీ మీరే స్వయంగా ఫోన్ చేయండి, సూపర్‌వైజర్‌తో చేయించకండి. ముందు ఇల్లు, పిల్లలు ఎలా ఉన్నారో అడగండి. తర్వాత మీ మూడు సైట్లలో రాబోయే మూడు నెలలు ఏ పని ఎప్పుడు ఉందో చెప్పండి.